తొంభై దగ్గరపడిన మామ్మ జీవితం రాసిపెట్టాలి: పుట్టిన ఏడు, పాత కాగితాలు, కొలతలు, గొంతు రికార్డు

మహేంద్రతనయ_గట్టు

అందరికీ నమస్కారం. ఒడిషా సరిహద్దులోని పర్లాకిమిడిలో ఉన్న మా మామ్మ (నాన్నగారి అమ్మ) జీవితం రాసిపెట్టాలని ఇంట్లో అందరం అనుకున్నాం. అమ్మడానికి కాదు, ఇంటివాళ్ళకీ వీధివాళ్ళకీ ఉంటుందని. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాం. ఆధార్‌లో పుట్టినరోజు 1938 జనవరి 1. ఇంట్లో అందరూ తొంభై మూడు అంటారు. మామ్మ మాత్రం "ధాత నామ సంవత్సరం, శ్రావణ బహుళం, ఒడిషా అయిన ఏడు" అంటుంది. జాతకం లేదు, బడి చదువు లేదు. పద్నాలుగేళ్ళకి పెళ్ళయిందట. పుట్టిల్లు పాతపట్నం వైపు.

వీధికి ఆవిడ చేసినవి: నలభై ఏళ్ళకు పైగా పురుళ్ళు పోసింది. బాలింతలకి కాయం (శొంఠి, పిప్పళ్ళు కలిపిన మందుముద్ద) చేసి ఇచ్చేది. పెళ్ళిళ్ళకి గంగాళాలు, గుండిగలు అరువిచ్చేది. ఎండాకాలం అరుగు మీద అంబలి పోసేది. ఎవరింట్లో మనిషి పోయినా ఆ పూట వంట ఆవిడ చేతిమీదుగానే వెళ్ళేది. వీటికి ఎవరూ లెక్క రాయలేదు. ఎలా చేస్తావని అడిగితే "గుప్పెడు", "సోలెడు" తప్ప చెప్పదు. కుడిచెవి వినపడదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పంచాంగం_పక్క

ముందు మామ్మగారి మాటే పట్టుకోండమ్మా. ఆధార్‌లో జనవరి 1 అని ఉందంటే అది చాలాసార్లు అసలు పుట్టినరోజు కాదు, రోజూ నెలా చెప్పలేనివాళ్ళకి వేసే తేదీ. ఆ సంవత్సరం కూడా ఆరోజు పక్కనున్నవాళ్ళు ఉజ్జాయింపుగా చెప్పిన వయసులోంచి తీసిందే అయ్యుంటుంది.

ధాత అంటే 1936 ఉగాది నుంచి 1937 ఉగాది దాకా. అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. ముందుది 1876, తర్వాతది 1996. కాబట్టి ఇందులో తికమక లేదు. ఒడిషా వేరే రాష్ట్రంగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న, ధాత ఉగాది వెళ్ళిన కొద్దిరోజులకే. రెండు గుర్తులూ ఒకే ఏటికి వచ్చాయి. శ్రావణ బహుళం అంటే ఆ ఏడు ఆగస్టు మొదటి సగం, సుమారు 4 నుంచి 17 లోపు. అంటే 2026 ఆగస్టుకి తొంభై నిండుతాయి.

ఇంకో ఆనవాలు ఉంది. ఆ శ్రావణం వెళ్ళగానే అధిక భాద్రపదం వచ్చింది. బారసాలగానీ, పురుడు వెళ్ళాక చేసే వేడుకలుగానీ అధికమాసం వల్ల వాయిదా పడ్డాయని వాళ్ళమ్మ ఎప్పుడైనా అనేదా అని అడగండి. అవునంటే ఇక సందేహం పెట్టుకోనక్కర్లేదు. లేదన్నా నష్టం లేదు. కానీ జవాబు మీరే అందించకండి. "అధికమాసం వచ్చిందా మామ్మా" అంటే పెద్దవాళ్ళు మన సంతోషానికి ఊఁ కొట్టేస్తారు. "నీ బారసాల సంగతి ఎవరైనా చెప్పారా" అని వదిలేయండి.

సరిహద్దులో పొరపడేది ఇక్కడ. మనకి అమావాస్యతో నెల అయిపోతుంది, ఒడియా పంజికలో పున్నమితో అయిపోతుంది. శుద్ధ పక్షంలో ఇద్దరికీ ఒకటే నెల. బహుళం వచ్చేసరికి వాళ్ళు ఒక నెల ముందుంటారు. మన శ్రావణ బహుళ అష్టమి వాళ్ళకి భాద్రబ కృష్ణ అష్టమి. కాబట్టి ఆ తిథి మామ్మగారికి చెప్పింది తెలుగు పురోహితుడా, ఒడియా జ్యోతిష్కుడా అన్నది కనుక్కోవాలి. ఒడియా లెక్కలో శ్రావణ కృష్ణ పక్షం అయితే మనకది ఆషాఢ బహుళం, తేదీ జూలైకి జారిపోతుంది.

తొంభై మూడు ఎక్కడినుంచి వచ్చిందో కూడా వదలకండి. చిన్నప్పుడే పోయిన అక్క ఉంటే ఆ పిల్ల లెక్క ఈవిడకి తగులుకోవడం మామూలే. సహస్ర చంద్ర దర్శనం చేశారా? వెయ్యి పున్నములు నిండేది 80 ఏళ్ళ 10 నెలలకి. ధాత ప్రకారమైతే అది 2017 నడుమ రావాలి. మీరు 2014లో చేసి ఉంటే అప్పటికే ఇంట్లో మూడేళ్ళు కలిపేసుకున్నారన్నమాట.

గుణుపురం_చిన్నరైలు

పై లెక్క బాగుంది. పుట్టిన ఏడు కుదిరాక మిగతా జీవితాన్ని "ఏ సంవత్సరం" అని అడగకండి. ఆవిడ కాలాన్ని కాన్పులతో లెక్కపెడుతుంది. పిల్లల వరస ముందు రాసుకోండి, పోయినవాళ్ళతో సహా. తర్వాత "అప్పటికి ఎవరు కడుపులో ఉన్నారు, ఎవరు చంకలో ఉన్నారు" అని అడిగితే ఏ సంఘటనైనా ఆ వరసలో తన చోట తను కూర్చుంటుంది. పోయిన పిల్లల గురించి నలుగురిలో అడగొద్దు. మీరు ఒక్కరే ఉన్నప్పుడు, ఆవిడంతట ఆవిడ ఎత్తినప్పుడు వినండి.

పర్లాకిమిడి, గుణుపురం వైపు పనికొచ్చే గుర్తులు ఇవి. విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న, అప్పటికి ఆవిడకి ఆరో ఏడు. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1. బరంపురంలో మెడికల్ కాలేజీ పెట్టింది 1962. పట్టపగలు చీకటి పడిన సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16, అదే ఏడు సెప్టెంబరులో వంశధార వరద. గంజాం నుంచి గజపతి జిల్లా విడిపోయింది 1992 అక్టోబరు 2. గుణుపురం చిన్నరైలు ఆగింది 2004.

తుపాన్ల దగ్గర జాగ్రత్త. "తొంభై తొమ్మిది తుపాను" అనగానే అందరూ అక్టోబరు 29 అని రాసేస్తారు. ఆ మహాతుపాను తీరం దాటింది పారాదీప్ దగ్గర. మన గంజాం, గజపతులని కొట్టింది దానికి పదకొండు, పన్నెండు రోజుల ముందు, అక్టోబరు 17-18 తేదీల్లో గోపాలపురం దగ్గర దాటింది. మామ్మగారు "దసరా ముందరిది" అందా, "తర్వాతది" అందా అన్నదాన్నిబట్టి తేలిపోతుంది, ఆ ఏడు దసరా రెండింటికీ మధ్యలో పడింది. ఫైలిన్ 2013 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. ఈ రెండూ ఒకే నెలలో దాదాపు ఒకే తేదీకి రావడంతో కలిసిపోతాయి. ఫైలిన్ రాత్రిపూట దాటింది, తిత్లీ తెల్లవారుజామున. అది అడగండి.

పెళ్ళి వయసు పద్నాలుగు అన్నది మాత్రం అనుమానంగానే ఉంచుకోండి. శారదా చట్టం 1930 ఏప్రిల్ నుంచి అమ్మాయి పెళ్ళికి కనీసం పద్నాలుగేళ్ళు అని పెట్టింది. ఆ తర్వాత పెళ్ళయిన చాలామంది ఆడవాళ్ళ నోట అదే అంకె వినిపిస్తుంది, నిజమైనా కాకపోయినా.

కచేరీ_దారి

కాగితాల సంగతి. మూడు చోట్ల వెతకాలి, మూడింటికీ మూడు చిక్కులు.

ఒకటి, పుట్టింటి వైపు. పాతపట్నం అయితే 1936లో గంజాం చీలినప్పుడు అది మద్రాసు వైపు ఉండిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. కాబట్టి ఆ మధ్యకాలపు కాగితాల మీద శ్రీకాకుళం అని ఉండదు. జిల్లా పేరు చూసి "ఇది మనది కాదు" అని పక్కన పెట్టేస్తుంటారు. అలా చేయకండి.

రెండు, ఒడిషా వైపు ఓటరు జాబితా, రేషన్ కార్డు, భూమి పర్చా (హక్కు పత్రం). ఇవి ఒడియాలో ఉంటాయి. ఒడియా రాతలో వకారం చాలాచోట్ల బకారం అయిపోతుంది. వెంకటమ్మ బెంకటమ్మ అవుతుంది, వరలక్ష్మి బరలక్ష్మి అవుతుంది. కంప్యూటర్లో "వ" తో వెతికితే దొరకదు. ఇంటిపేరు చివరికి పోతుంది, ఒక్కోసారి అసలు ఉండదు, "అమ్మ" అన్నదే ఇంటిపేరు గడిలో కూర్చుంటుంది. పేరుతో కాకుండా ఇంటి నంబరుతో, భర్త పేరుతో వెతకండి. వయసు గడి నమ్మొద్దు. రాసేవాళ్ళు 40, 45, 50 అని గుండ్రంగా వేస్తారు. నాలుగైదు ఎన్నికల జాబితాలు పక్కపక్కన పెడితే ఒకదాంట్లో 45, ఐదేళ్ళ తర్వాతి దాంట్లో 60 కూడా కనిపిస్తుంది. అన్నిటికంటే పాత జాబితాకి కాస్త విలువ ఎక్కువ ఇవ్వండి.

మూడు, రిజిస్ట్రారు కచేరీ. పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమిగానీ ఇల్లుగానీ ఉంటే దస్తావేజు నకలు అడగవచ్చు. అందులో "ఫలానావారి భార్య, వయసు ఇంత" అని ఉంటుంది, తేదీ పక్కాగా ఉంటుంది. పాతవి తెలుగులోనే దొరకవచ్చు. వెళ్ళేముందు పొలం హద్దులు, కొన్నవారి పేరు, సుమారు ఏడు రాసుకుని వెళ్ళండి. ఏమీ లేకుండా "మా మామ్మ పేరుమీద ఏమైనా ఉందా" అంటే వెతకడం కుదరదు.

ఆధార్‌లో వయసు ఇప్పుడు దిద్దించాలా అని అడుగుతారేమో. పింఛనుకి ఎనభై నిండిన వయసు లెక్కలోకి వస్తుంది, 1938 ప్రకారం కూడా ఆవిడకి ఎనభై దాటిపోయాయి. కాబట్టి తొందర లేదు. జీవితచరిత్రలో మాత్రం ధాతే రాయండి.

కంచు_గంట

గంగాళాలు ఇంకా ఉన్నాయా? ఉంటే అన్నిటికంటే ముందు వాటి అంచులు చూడండి. సారెలో వచ్చిన సామాను మీద పేరు, ఒక్కోసారి ఏడు కూడా కొట్టించేవారు. చింతపండుతో తోమి తోమి అక్షరాలు అరిగిపోయి ఉంటాయి. గట్టిగా తోమి చూద్దామనుకోకండి, ఉన్నదీ పోతుంది. తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చి, బియ్యప్పిండి వేలితో అద్ది, పైపైన తుడిచేయండి. గాట్లలో పిండి నిలిచి అక్షరం తేలుతుంది. చీకటిగదిలో టార్చి పక్కనుంచి, దాదాపు అంచుకి ఆనించి వేసి ఫోటో తీయండి. ఎదురుగా వేస్తే మెరుపు తప్ప ఏమీ పడదు.

చెవి_దగ్గర

గొంతు రికార్డు గురించి. ఇది వాయిదా వేయకండి. మిగతావన్నీ తర్వాత కూడా దొరుకుతాయి.

పొద్దున్న, టిఫినూ మందులూ అయ్యాక కూర్చోండి. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. సాయంత్రం పెద్దవాళ్ళకి తికమక ఎక్కువ. అప్పుడు చెప్పిన పేర్లు మర్నాడు మారిపోతాయి, తర్వాత ఏది నమ్మాలో మీకే తెలియదు. మీరు ఎడమచెవి వైపు, ముఖం కనిపించేలా కూర్చోండి. అరవకండి. అరిస్తే గొంతు సన్నబడి ఇంకా వినపడదు. నెమ్మదిగా, కాస్త లావు గొంతుతో మాట్లాడితే అందుతుంది.

ఫ్యాను ఆపండి. సిమెంటు గది అయితే గోడకి బొంత వేలాడదీయండి, లేదా పరుపున్న గదిలో కూర్చోండి. ఫోను చేత్తో పట్టుకోవద్దు, వేళ్ళు కదిలిన చప్పుడంతా పడుతుంది. మడిచిన తువ్వాలు మీద, ఆవిడ నోటికి జానెడున్నర దూరంలో పెట్టండి. గాజుల చేయి ఉన్న వైపు కాకుండా రెండో వైపు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. రికార్డర్ సెట్టింగులో వేవ్ (WAV, నాణ్యత తగ్గని ఫైలు రకం) ఉంటే అదే ఎంచుకోండి, లేకపోతే ఉన్నవాటిలో ఎక్కువ నాణ్యత ఉన్నది. ఒక నిమిషం తీసి విని, అప్పుడు మొదలుపెట్టండి. మొదట్లో మీ గొంతుతో తేదీ, ఊరు, ఎవరెవరు ఉన్నారు అన్నది చెప్పండి. ఫైలు పేరు తేదీతో మొదలవ్వాలి.

ప్రతి ఫైలూ మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్ళో. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా జతచేయండి. చాటింగులో మైకు నొక్కి తీసిన ముక్కకి నాణ్యత ఉండదు.

ఆవిడ ఆగిపోతే ఆ నిశ్శబ్దాన్ని నింపకండి. మనసులో పది లెక్కపెట్టండి. చాలాసార్లు అసలు మాట ఆ తర్వాతే వస్తుంది.

ఉత్త మాటలకంటే చేతికి ఏదైనా ఇచ్చి మాట్లాడించండి. కాయం దంచే రోలు ముందు కూర్చున్న మనిషి, కుర్చీలో కూర్చున్న మనిషి ఒకటి కాదు.

మహేంద్రతనయ_గట్టు

అందరికీ ఎంతో ఋణపడ్డాం. గంగాళాలు రెండు ఉన్నాయి, అటక మీద. దింపించి చూస్తాం. పురుళ్ళ లెక్క ఎలా తీయాలి? ఆవిడ "అందరివీ" అంటుంది. కాయం కూడా రాయాలా?

పురిటిగది

పురుళ్ళ లెక్క ఆవిడ దగ్గర రాదు. వీధి దగ్గర వస్తుంది. వీధి మొదటి ఇంటినుంచి చివరి ఇంటిదాకా కాగితం మీద గీయండి. ఒక్కో ఇంట్లో యాభై దాటిన ఆడవాళ్ళని అడగండి: నీకు ఎన్ని కాన్పులు, ఏవేవి ఇంట్లో, ఎవరు పట్టారు, నువ్వు పుట్టినప్పుడు ఎవరు పట్టారు. ఇల్లు, కాన్పు వరస, సుమారు ఏడు, చెప్పినవారు. నాలుగు గళ్ళు చాలు. పురిటికి పుట్టింటికి వెళ్ళిన కోడళ్ళనీ, ఇక్కడికి వచ్చిన కూతుళ్ళనీ విడిగా గుర్తుపెట్టండి. లేకపోతే అదే కాన్పు రెండిళ్ళలో లెక్కకొస్తుంది. ఆసుపత్రికి వెళ్తే డబ్బులిచ్చే జననీ సురక్ష పథకం, ఆశా కార్యకర్తలు 2005లో మొదలయ్యాయి. ఇంటి పురుళ్ళ వరస ఆ ప్రాంతాల్లోనే పలచబడి ఉంటుంది, చూసుకోండి.

మామ్మగారు ఏ కాన్పుని పట్టనని ఆసుపత్రికి పంపేదో తప్పకుండా అడగండి. అడ్డం తిరిగిన బిడ్డా, కాళ్ళవాపూ తలనొప్పీ ఉన్న తల్లా, ముందు కాన్పులో రక్తం ఎక్కువ పోయినామా? మంచి మంత్రసాని నైపుణ్యం పట్టిన కాన్పుల్లో ఎంత ఉంటుందో, వద్దన్న కాన్పుల్లో అంతకంటే ఎక్కువ ఉంటుంది. రోడ్డు సరిగ్గా లేని రోజుల్లో ఎంత ముందుగా ఆ మాట చెప్పేది, బండి ఎవరిది, ఏ దారిన తీసుకెళ్ళేవారు, ఇవన్నీ రాయండి. బొడ్డు దేనితో కోసేది, దారం మరగబెట్టేదా, మాయ పడకపోతే ఎంతసేపు చూసేది. ఇవి మాటల్లో కాదు, బొమ్మపిల్లనీ గుడ్డపేలికనీ ఇచ్చి చేసి చూపించమనండి.

కాయం రాయండి. పిప్పళ్ళు, మోడి (పిప్పలి వేరు), శొంఠి, మిరియాలు, వాము, బెల్లం, నెయ్యో నువ్వులనూనో. పాళ్ళు ఇంటింటికీ మారతాయి కాబట్టి ఆవిడ పాళ్ళే తూచి రాయండి. కానీ పక్కనే ఒక వాక్యం ఉండాలి: ఇది ఆవిడ ఇచ్చిన పద్ధతి, ఇప్పటి బాలింతలు నర్సుని అడక్కుండా తినకూడదు. బీపీ, షుగరు ఉన్నవాళ్ళు మరీ.

అలాగే ఆ రోజుల్లో ముర్రుపాలు పిండి పారబోయించడం, బిడ్డకి ఆముదం చుక్కలు వేయడం, బాలింతకి నీళ్ళు తగ్గించడం ఉండేవి. ఆవిడ చేసి ఉంటే అదీ రాయండి. ముర్రుపాలు బిడ్డకి మొదటి రక్ష, పుట్టిన గంటలోపు పట్టాలి. బొడ్డుకి ఏదీ రాయకుండా పొడిగా ఉంచాలి. బాలింతకి నీళ్ళు తగ్గించకూడదు, దాహమైనప్పుడల్లా తాగాలి.

పెద్దవీధి_చెల్లెలు

అక్కా, ముర్రుపాల సంగతి ఎందుకు? అప్పట్లో ఊరంతా అదే చేసింది. ఆవిడ తొంభై ఏళ్ళ పుణ్యం పక్కన అది రాస్తే మనవలు ఆవిడని తప్పుపట్టినట్టు ఉండదూ?

పురిటిగది

తప్పుపట్టినట్టు రాయకూడదు చెల్లీ, నిజమే. కానీ వదిలేస్తే చదివిన మనవరాలు "మామ్మ అలా చేసేది" అని నోటిమాటగా విన్నదాన్ని రేపు తన బిడ్డకి చేస్తుంది. ఇంకొకటి, చాలామంది మంత్రసానులు ప్రభుత్వం ఇచ్చిన శిక్షణ తర్వాత ఆ పద్ధతి మానేశారు. మామ్మగారు ఎప్పుడు మానింది, ఎవరు చెప్తే మానింది, అత్తలు ఒప్పుకోకపోతే ఏమనేది? అది అడిగితే ఆవిడ పెద్దతనం అక్కడే కనిపిస్తుంది.

రాయకూడనిది వేరే ఉంది. పురిటిగదిలో ఉన్న మనిషికి వీధి రహస్యాలన్నీ తెలుస్తాయి. ఎవరి బిడ్డ పోయింది, ఎవరికి పెళ్ళికి ముందే కడుపొచ్చింది, ఎవరింట్లో కొట్టేవారు. ఆవిడ ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు కాబట్టే అందరూ తలుపు తీశారు. రికార్డింగులో అలాంటిది వస్తే ఆ ఫైలు విడిగా తీసి, పేరు పెట్టి, ఎవరికీ పంపకండి. పుస్తకంలో ఆ ఇంటివాళ్ళు ఒప్పుకుంటే తప్ప పేరు రాకూడదు.

పెద్దవీధి_చెల్లెలు

అర్థమైందక్కా. అత్తలు ఒప్పుకోకపోతే ఏమనేదో నాకూ తెలుసుకోవాలని ఉంది.

సోల_తవ్వ

కొలతల దగ్గరికి వద్దాం. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. వరస ఇదే, కానీ సోల ఎంత అన్నది ఊరికో రకం. పుస్తకంలో చూసి మిల్లీలీటర్లు వేయకండి. ఆవిడ వాడిన సోల తెచ్చి అంచుదాకా నీళ్ళు పోసి, వంటింటి కాటా మీద తూచండి. ఖాళీ సోల బరువు తీసేస్తే ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు. తర్వాత ఆవిడ పిండి తలకొట్టి కొలుస్తుందా, గోపురం కట్టి కొలుస్తుందా చూడండి. గోపురానికి పావువంతు దాకా తేడా వస్తుంది.

గుప్పెడుకి ఉపాయం: డబ్బాని కాటా మీద పెట్టి సున్నా చేయండి. ఆవిడ గుప్పెడు తీశాక తగ్గిన అంకే ఆ గుప్పెడు. మూడుసార్లు తీయించండి. మొదటిసారి మనం చూస్తున్నామని ఎక్కువో తక్కువో తీస్తారు, మూడోసారికి చెయ్యి మామూలుకొస్తుంది. వేళ్ళు ఇప్పుడు వంగకపోతే, ఆవిడ వంట నేర్పిన కోడలి చేతితో తీయించి ఆవిణ్ణి చూడమనండి. "ఇంకొంచెం" అన్నప్పుడు ఆగండి.

ఉప్పు దగ్గర అందరూ దెబ్బతింటారు. ఆవిడ సోల కల్లుప్పుది. అదే సోలతో ప్యాకెట్ మెత్తటి ఉప్పు కొలిస్తే సందులు లేక ఎక్కువ తూగుతుంది, వంట నోట పెట్టలేరు. ఉప్పెప్పుడూ బరువులోనే రాయండి, ఏ ఉప్పో పక్కన రాయండి.

అంబలి మన వైపు ఉరామరిగా ఇలా. ఆవిడ పద్ధతితో పోల్చి దిద్దుకోండి. చోడిపిండి (రాగిపిండి) కిలో, మూడు లీటర్ల నీళ్ళలో రాత్రి కలిపి మూతపెట్టాలి. ఎండాకాలం పొద్దుటికి పులుపెక్కి చిన్న బుడగలు వస్తాయి. ఏడు లీటర్ల ఎసట్లో పావుకిలో నూకలు మెత్తగా ఉడికాక పిండినీళ్ళు సన్నధారగా పోస్తూ, చేయి ఆపకుండా తిప్పుతూ, సన్నసెగ మీద ఇరవై నిమిషాలు. బాగా చల్లారాక అయిదు లీటర్ల మజ్జిగ, ఉప్పు 80 నుంచి 100 గ్రాములు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. డెబ్భై గ్లాసులదాకా వస్తుంది. పొడిపిండి ఎసట్లో పోస్తే ఉండకడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. వేడిమీద మజ్జిగ పోస్తే విరుగుతుంది. ఇత్తడి గుండిగలో చేసేదంటే కళాయి ఉందా అన్నది మొదటి ప్రశ్న. లోపల ఎక్కడైనా పసుపుపచ్చ రంగు బయటపడితే ఆ చోట పులుపు తగిలి చిలుము దిగుతుంది, కడుపులో తిప్పుతుంది. కళాయి ఎన్నాళ్ళకి వేయించేది, ఎవరొచ్చి వేసేవారు అన్నదీ ఆవిడ కథలో భాగమే.

గుమ్మడి వడియాలు: బూడిదగుమ్మడి అయిదు కిలోలకి మినప్పప్పు కిలో, పచ్చిమిర్చి 150 గ్రాములు. ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి గుడ్డలో మూటకట్టి, మీద రుబ్బుడురాయి బరువు పెట్టి రాత్రంతా. నీళ్ళు పూర్తిగా దిగకపోతే పిండి జారి వడియం అప్పడంలా పరుచుకుంటుంది. పిండి గట్టిగా రుబ్బాలి, నీళ్ళు చిలకరించడమే. పిండిలో ఉప్పు చప్పగా ఉన్నట్టు ఉండాలి, ఎండాక చిక్కబడి సరిపోతుంది. మొదటి రోజు ఎండ తగలకపోతే వాసన వస్తుంది, అందుకే మబ్బు చూసి పప్పు నానబోస్తారు. మన ఒడియా పక్కింటివాళ్ళు ఇదే గుమ్మడితో బొడి పెడతారు. మామ్మగారు వాళ్ళ దగ్గర నేర్చుకుందా, వాళ్ళకి నేర్పిందా?

మహేంద్రతనయ_గట్టు

చిన్న సంగతి చెప్పాలి. గంగాళాలు దింపాం. ఒకదాని మీద ఏమీ లేదు. రెండోదాని చెవి పక్కన బియ్యప్పిండి అద్దితే మామ్మ పుట్టింటిపేరు, కింద "విజయ సం. మాఘ శు." అన్నంతవరకు తేలింది. తర్వాత రెండు అక్షరాలు అరిగిపోయాయి. మామ్మ చేత్తో తడిమి "ఇది మా నాన్న కొట్టించాడు" అంది. కానీ ధాతలో పుట్టి పద్నాలుగేళ్ళకి పెళ్ళయితే విజయ సరిపోతుందా? బారసాల సంగతి కూడా అడిగాను. "నన్ను రెండు నెల్లు పేరు లేకుండా ఉంచారు" అని మాత్రం అంది, ఎందుకో చెప్పలేదు.

పంచాంగం_పక్క

రెండు నెలలు పేరు పెట్టలేదంటే అధిక భాద్రపదం వల్లనే కావచ్చు. మీరు అందించకుండా అడిగారు కాబట్టి ఆ మాటకి విలువుంది. ఆవిడ అన్న మాటలు ఉన్నవున్నట్టు రాసి, మన లెక్క పక్కన విడిగా రాయండి.

విజయ అంటే 1953 ఉగాది నుంచి 1954 ఉగాది. మాఘ శుద్ధం 1954 ఫిబ్రవరి 4 నుంచి 17 మధ్య. అప్పటికి ఆవిడకి పదిహేడున్నర. పద్నాలుగుతో మూడున్నరేళ్ళు తేడా. గంగాళం అబద్ధం చెప్పదు, ఆవిడా చెప్పి ఉండదు. పెళ్ళి ఒకటి, కాపురానికి రావడం ఒకటి. గంగాళం పెళ్ళిలో ఇచ్చింది కాకపోవచ్చు, కాపురానికి పంపినప్పటి సారె కావచ్చు. లేదా మొదటి పురిటికి వెళ్ళి తిరిగొచ్చినప్పటిది. "పెళ్ళెప్పుడు" అని కాకుండా, "ఈ గంగాళం ఈ ఇంటి గడప దాటినరోజు ఇంట్లో ఎవరెవరున్నారు" అని అడగండి.

చెవి_దగ్గర

అడిగేటప్పుడు గంగాళం ఆవిడ ఒళ్ళోనే ఉండనివ్వండి. దాని మీద గాజు తగిలితే రికార్డింగులో మోగుతుంది. ఫరవాలేదు, మోగనివ్వండి.